మొదటి కాపు

మునిరత్నమన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున మన పక్కనున్న పోచంపల్లి రైతు ఒకాయన బుట్టెడు మామిడిపండ్లతో కృష్ణగిరిలోని నా వీడియో షాపుకు వచ్చాడు. మామిడి అంటు కట్టడం నేర్పుతూ నువ్వు తీసిన క్యాసెట్‌ను నాలుగేళ్ల కిందట నా దగ్గరే అద్దెకు తీసుకున్నాడట.

నీ దగ్గర ఒకటి కొని, నిన్ను అడక్కుండా కాపీలు చేసి అద్దెకిచ్చాను. క్యాసెట్ మొదట్లో నువ్వు నీ పేరూ ఊరూ చెప్పి, "మొదటి కాపులో ఒక్క పండు నాకు తెచ్చియ్యండప్పా, సాలు" అని అడిగేవాడివి. అది చెరిపేసి నా షాపు పేరు ఎక్కించాను.

రైతు బుట్ట దించాడు. "క్యాసెట్‌లో మీ షాపు పేరే ఉండాది కదప్పా. అది చూసే అంటు కట్టినాను. ఇది మొదటి కాపు. నేర్పినోళ్లకి ఇయ్యకుండా మేము యాడ తినేది?"

నీ పేరు చెప్పాలనే నోరు తెరిచాను. "కూర్చోండప్పా, కాఫీ తాగి పోదురు" అన్నాను.

ఆయన వెళ్లాక క్యాసెట్ పెట్టి చూశాను. తెర మీద నా షాపు పేరు ఉన్నంతసేపూ మాటలేమీ లేవు. అయినా నువ్వు పండు అడగడం నాకు వినిపించింది.

షాపంతా మాగిన వాసన. బుట్టలో పండు ఒక్కటీ ముట్టుకోలేదన్నా.