ఉపవాస వారం

నా ప్రాణసమానమైన ఇల్లాలికి,

దేవుని దయవల్ల కుట్టుమిషను తిరుగుతోంది, దానితోపాటు నా తల కూడా. నువ్వు మీ అక్క ఇంటికి వెళ్ళిన దగ్గర్నుంచి అమ్మది ఒకటే పోరు: "ఇంకా ఎన్నాళ్ళురా? మరొకతెను చేసుకో." ఆదివారం ప్రార్థన మందిరంలో ప్రసంగిస్తూ బల్ల గుద్ది చెప్పాను, ముసలితనంలో గొడ్రాలి ఒడి నింపిన దేవుడు నా ఇంటిని మరవడని! దిగాక వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. నీకు నలభై దగ్గరపడుతోంది.

ఆ డాక్టరమ్మ నన్నూ పరీక్షకు రమ్మందా? గర్భఫలమిచ్చేవాడు పైన ఉండగా సీసాలో చూసి ఆవిడ చెప్పేదేమిటి? నెలసరి అవగానే వచ్చెయ్. ఎప్పటిలా ఆ తర్వాత వారం పైచిలుకు నేను మందిరంలోనే పడుకుని, మన బిడ్డ కోసం ఉపవాసముండాలి.

నీ కోసం మొరపెట్టే
నీ భర్త

ప్రియమైన మీకు,

నా పరీక్షలన్నీ బాగున్నాయి. "లోపం మగవారిలోనూ ఉండొచ్చు, ఇద్దరినీ చూడాలి" అంది డాక్టరమ్మ. మీరిద్దరూ ఏ రోజుల్లో కలుస్తారని అడిగింది. సిగ్గుతో చచ్చాను. అక్క గిల్లింది: "చెప్పవే, ఇక్కడ కాక సంతలో చెబుతావా!"

మీ ఉపవాసం సంగతి చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

నాకు బిడ్డ నిలవగల రోజులు సరిగ్గా అవేనటండీ. ప్రతి నెలా మీరు బిడ్డను అడగడానికి వెళ్ళిపోయే రోజులే. అవి దాటాకే మీరు ఇంటికి వచ్చేది. ఇంకా వయసుందట, ఎక్కువ లేదట. తిట్టాలనుంటే తిట్టండి, పరీక్షకు మాత్రం వెళ్ళండి.

మీ జవాబుకు ఎదురుచూసే
మీ భార్య

ప్రియమైన మీకు,

జవాబు లేదు. అత్తయ్య సంబంధం చూస్తున్నారని మీ చెల్లెలు కబురు పెట్టింది. నిజమైతే మీ చేత్తోనే రాయండి.

నెలసరి నిన్నటితో అయింది. ఆ ఉపవాసానికి మాత్రం నేను రాను.

మీరు ఔనన్నా కాదన్నా
మీ భార్య

నా ప్రియమైనదానా,

దేవుడితో దెబ్బలాడాను. "నిన్ను అడగడానికే కదా వచ్చాను, ఒక్కమాట చెప్పొద్దా?" అని అరిచాను. మందిరం కప్పు తప్ప ఏదీ పలకలేదు. బైబిలు తెరిచాను. ఆలుమగలు ప్రార్థనకు ఎడంగా ఉన్నా కొంతకాలమే, అదీ ఇద్దరి ఇష్టంతోనే అని ఉంది. దాని కింద గీత గీసింది నేనే. నీ ఇష్టం ఎప్పుడడిగాను?

అమ్మతో అన్నాను: "దేవుడు నీ కోడలి కడుపు మూయలేదమ్మా. నీ కొడుకే గడియ పెట్టాడు." ఇక సంబంధాల ఊసు లేదు.

పరీక్షకు ఇచ్చి వచ్చాను. ఏం తేలుతుందో తెలియదు. సంఘపెద్ద అడిగాడు: "అయ్యగారూ, ఉపవాసం రేపటినుంచేనా?" మందిరం తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను.

ఈ ఉత్తరమూ నేనూ ఒకే బండిలో వస్తామేమో. మీ అక్కను వేరే గదిలో పడుకోమను. తలుపు గడియ వెయ్యకు.

నీ దగ్గరికే వస్తున్న
నీ భర్త