పదకొండు గుండెపోట్లు

జనన మరణాలు నమోదు చేసే అధికారి గారికి నమస్కారం.

2020 ఆగస్టులో మైపాడు పక్కన మా పాలెంలో పదకొండు మంది కరోనాతో పోయారు. మీ పుస్తకంలో అందరికీ గుండెపోటు అని ఉంది. అలా చెప్పి రాయించింది నేనే. పాలెం లెక్కలు రాసేవాణ్ణి కనుక మా పాలెం పెద్ద, పెద్దకాపు, నన్ను పంపారు.

“కరోనా అని రాయిస్తివా, మన చేపను కుక్క కూడా ముట్టదబ్బయా” అన్నారు. అది నిజమే. గుండెపోటని రాయించబట్టి చేపల బండ్లు ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఇప్పుడు, పోయినవాళ్లలో ఒకడైన పెంచల్ భార్య ధనలక్ష్మి సర్కారు ఇచ్చే కరోనా సాయం కోసం పెట్టుకున్న అర్జీ ఆ గుండెపోటు అన్న రాత వల్లే తిరిగి వచ్చింది. అందరి పరీక్ష చీటీలు జత చేశాను. దయచేసి దిద్దండి. శిక్ష ఉంటే నాకు వేయండి.

ఏడో పేరు నా భార్యది. ఆమెకూ గుండెపోటనే రాయించి, మర్నాడు బండికి చేపలు కాటా వేయించాను.