వడ్రంగి పిట్ట కాళ్ళు

1979 జూలై 2
వడ్రంగి పిట్ట పూర్తయింది. నెలన్నర పట్టింది. సిరా కోసం రెండుసార్లు అమలాపురం. బంగారు వీపుని నల్లసిరాతో ఎలా చూపించడమా అని భయపడ్డాను — సన్న గీతల మధ్య తెల్లకాగితం వదిలేస్తే చాలు, మెరుస్తోంది. కొబ్బరి మాను పగుళ్ళు ఒక్కొక్కటీ వేశాను. రాజమండ్రి ప్రదర్శనకి పోస్టు చెయ్యడానికి పదో తారీఖు ఆఖరు. ఎక్కడికైనా పంపడం ఇదే మొదలు. కొంచెం గర్వంగానే ఉంది... ఇక్కడ రాసుకుంటే ఎవరు చూస్తారు గనక.

జూలై 3
స్కూల్లో ఆరో తరగతి డ్రాయింగు. ఎప్పటిలాగే కాకి.

జూలై 4
కొబ్బరి దింపుకి సత్యం వచ్చాడు. కాయలు దింపి, మజ్జిగ తాగుతూ బొమ్మ చూశాడు. చాలాసేపు.
"పిట్ట బావుందండి మేస్టారూ. కాళ్ళే కాకివండి."
"అంటే?"
"దీనికి ముందుకి రెండు వేళ్ళు, ఎనక్కి రెండండి. ఆయ్. లేపోతే మాను మీద నిలబడలేదు కదండీ. రోజూ చెట్టు మీద చూత్తానే ఉంటానండి."
నేను వేసింది ముందుకి మూడు, వెనక్కి ఒకటి. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి కాకి కాలు నేర్పి నేర్పి, చెయ్యి దానంతటదే వేసేసింది. సిగ్గేసింది.

జూలై 5
బ్లేడుతో గీకాను. ఒక వేలు పోయింది. రెండో దానికి కాగితం పొర లేచింది. ఆపేశాను.

జూలై 6
మా ఆవిడ ఉపాయం — "కాళ్ళ మీద ఓ తమలపాకు తీగ వేసెయ్యండి. జడ్జీలు చెట్లెక్కుతారా ఏవన్నానా?"
వేశాను. భలే కుదిరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు.

జూలై 7
సత్యం మట్టల కోసం వచ్చాడు. బొమ్మ చూపించాను.
"ఆకు బావుందండి," అన్నాడు. మట్టలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

జూలై 8, ఆదివారం
పొద్దున్నే సత్యంతో తోటలోకి. పిట్ట వాలే చెట్టు పక్కనే నిచ్చెన వేసి, కింద పట్టుకున్నాడు. ఈ వయసులో, పంచె ఎగ్గట్టి, తొమ్మిది మెట్లు.
"కదలకండి. వచ్చేత్తాదండి."
వచ్చింది. చేతికందేంత దూరంలో. ముందుకి రెండు, వెనక్కి రెండు. ఎంత సంతోషమో... దిగడం కూడా మర్చిపోయాను.

జూలై 10
స్కూలుకి సెలవు పెట్టాను. పాత బొమ్మని ఆవిడ అట్టల మధ్య పెట్టి పురికొస కట్టేసింది. "అడ్రసు మాత్రం మీరే రాయండి," అంది. పోస్టాఫీసు నాలుగింటిదాకా. ఇప్పుడు మూడున్నర.
అడ్రసు రాయలేదు. కొత్త కాగితం మీద రెండు కాళ్ళు వచ్చాయి, మానుని గట్టిగా పట్టుకుని. పైన పిట్ట ఇంకా లేదు.