జాబితాలో లేని డాక్టరమ్మ

ఆదివారం, నవంబరు 24

మేస్త్రీ పెదనాన్న గారికి,

మీరు తమ్ముడూ అని పిలిచే మనిషి కూతురు చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. మీరూ పెద్దమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మా కులాసా గురించే ఇదంతా. ఫోన్ చేద్దామంటే నాన్న పక్కనే ఉంటాడు, మీకు ఫోనులో సరిగా వినబడదు కూడా. అందుకే మీ కళ్ళద్దాలకు ఆనేలా పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

నాన్నకు దగ్గు ముదిరింది. గాజు బట్టీ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిన సంగతి మీకు తెలుసు. ఇప్పుడు పడుకుంటే ఊపిరాడక కుర్చీలోనే నిద్రపోతున్నాడు. వేళాకోళం మాత్రం మానలేదు. నిన్న మందు తాగించబోతే, చదువుకున్నదానివి కదా, ఈ చేదు తీసేసే చదువేమైనా ఉందేమో చూడవే అన్నాడు.

ఇన్నాళ్ళూ ఆయన్ని నిలబెట్టింది సందు చివరి డాక్టరమ్మ. నాన్న మెట్లెక్కే తీరు చూసే ఆ పూట ఊపిరి ఎలా ఉందో చెప్పేది. ఆవిడ ఇప్పుడు మా బీమా జాబితాలో లేదు.

మీ జట్టు నలుగురూ ఒకేసారి రిటైరైనప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు మీ ముందు రెండు పాలసీలు పెట్టారు కదా. ఒకదానితో ఏ డాక్టరు దగ్గరికైనా నేరుగా వెళ్ళచ్చు. రెండోదానికి నెలనెలా కట్టేది తక్కువ, కానీ వాళ్ళ జాబితాలోని డాక్టర్లే చూడాలి. పెద్ద డాక్టరు కావాలంటే ముందు చిన్న డాక్టరు చీటీ రాయాలి. మా ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే. అన్నీ చదివి, మొదటిదే తీసుకో నాన్నా అని చెప్పాను. సరేనని బయల్దేరాడు.

ఆఫీసులో గుమాస్తా మొదట మిమ్మల్ని అడిగాడట. ఆస్పత్రి ముఖం చూడనివాళ్ళం, మాకు తక్కువదే చాలు అన్నారట మీరు. నాన్నతో సహా మిగతా ముగ్గురూ, మేస్త్రీకి ఏదో మాకూ అదే అన్నారట. బట్టీ దగ్గర మీ జట్టు పద్ధతి అదే. మేస్త్రీ గాజు ఊదే గొట్టం ఎత్తితే అందరూ ఎత్తాలి, దించితే దించాలి. కరిగిన గాజు ముందు మీ అందరి ఒళ్ళు కాలకుండా కాపాడింది ఆ పద్ధతే, నాకు తెలుసు. ఇంటికొచ్చాక నేను ఏడిస్తే, జట్టంతా ఒకవైపు నిలబడితే నేనొక్కణ్ణే అటెలా పోతానే అన్నాడు నాన్న.

ఇప్పటి డాక్టరు తలెత్తి చూడకుండానే చీటీ రాస్తాడు. అది పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన జాబితాలోంచి తప్పుకున్నాడన్నారు. మళ్ళీ మొదటికొచ్చాం. మా అంతట మేం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామంటే, ఆ పరీక్షల ఖర్చు మేం మోయగలిగేది కాదు.

పాలసీ మార్చుకునే గడువు ఈ నెలాఖరుదాకా ఉంది. నాన్న కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. మేస్త్రీ అన్న మారిస్తే మారుస్తా అంటాడు తప్ప కదలడు. పెదనాన్నా, మీరొక్కసారి వచ్చి ఆయన పక్కన నిలబడి మీదీ మార్చుకోండి. ఇంకేమీ అడగను. నా చదువు ఇంతవరకే పనికొచ్చింది.

అమ్మ మీ ఇద్దర్నీ అడిగినట్టు రాయమంది.

మీ రాక కోసం చూస్తూ,
మీరు ఎత్తుకుని తిప్పిన పిల్ల

తా.క. ఇవాళ మంగళవారం. ఉత్తరం పోస్టులో వేసే ముందు బీమా ఆఫీసుకు వెళ్ళొచ్చాను. గడువుంటే సరిపోదట. ఇప్పుడు మారాలంటే ఆరోగ్య పరీక్ష చేస్తారట, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళను ఆ పాలసీలోకి తీసుకోరట. రిటైరైన రోజు ఒక్కసారే ఏ పరీక్షా లేకుండా ఇస్తారట. నాన్నకు ఇది చెప్పలేదు. మీకు రాస్తున్నానని అమ్మ నోరు జారింది. అప్పటినుంచీ, అన్న వస్తాడు, కలిసి వెళ్తాం అంటూ పొద్దున్నే గడ్డం గీసుకుని కూర్చుంటున్నాడు. అయినా రండి పెదనాన్నా. వచ్చి, మార్చడమెందుకురా, ఈ డాక్టరే మంచివాడట అని చెప్పండి. నేను చెబితే నమ్మడు. మీరు చెబితే నమ్ముతాడు.