మీ పుస్తకాలతో తయారైన నర్సు

సిస్టరమ్మా,

మీరు పోయి నేటికి ఏడాది. మన గోదావరిఖని దవాఖానకు కొత్తగా చదువు పూర్తయిన నర్సులు వచ్చారు. నాకు మీరు నేర్పినట్టే, డ్యూటీ దిగాక మీ పుస్తకాలు ముందేసుకొని వాళ్లకు చెబుతున్నాను.

వాళ్లలో లక్ష్మి గని కార్మికుడి బిడ్డ. డాక్టర్ల ఇంగ్లీషుకు బెదిరి, మొదట్లో ఇంటికి పోతానని ఏడ్చింది. నిన్న బండ తగిలి కాలు చీరుకుపోయిన కార్మికుణ్ణి తెచ్చారు. డాక్టరు వచ్చేసరికే లక్ష్మి గట్టిగా కట్టుకట్టి రక్తం ఆపింది.

"ఎవరు నేర్పిన్రు నీకు?" అన్నాడాయన.

"మా సరోజక్క నేర్పింది సార్. అక్కకు వాళ్ల సిస్టరమ్మ నేర్పిందట."

ఆ మాటకు నా కడుపు నిండింది. సాయంత్రం లక్ష్మి నా పక్కన కూర్చుని, "సిస్టరమ్మ ఎట్లుండేది అక్కా?" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టగానే మిగతా పిల్లలూ దగ్గరికి జరిగారు.

మీ సరోజ