మింగింది కానీ అరగలేదు

ఆగస్టు 11, సోమవారం
నల్లా దగ్గర గచ్చు మీద మళ్ళీ పాకురు పట్టింది. బ్లీచింగ్ వేసి రుద్దాను. పోయిన నెల ఇక్కడే జారి పడ్డాను. ఐదో నెల కడుపు. దవాఖానలో అంతా క్లీన్ చేశారు. ఇప్పుడు నొప్పి లేదు. ఏమీ లేదు.

ఆగస్టు 12
రోజూ రుద్దితే ఇంత అయితుండెనా అంది అత్తమ్మ. నాతో కాదు, గోడతో.

ఆగస్టు 13, మధ్యాహ్నం
మా ఆడపడుచు నవత బాటనీ ఎమ్మెస్సీ చదువుతుంది. శనివారం సెమినార్. టాపిక్ ఆల్గే. అంటే పాకురేనట. జర కూసొని విను వదినా, నీకు సమజైతే మా మేడమ్‌కు గూడ సమజైతది అని నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టింది. మా ఆయన జంపఖానా నేస్తున్నాడు. తల ఎత్తలేదు.

ఎన్నో కోట్ల ఏళ్ళ కింద ఒక పెద్ద కణం చిన్న పచ్చదాన్ని మింగిందట. మింగింది కానీ అరగలేదు. అది లోపలే ఉండి ఎండతో వంట మొదలుపెట్టింది. పచ్చ పాకురు, ఎర్ర పాకురు ఆ ఒక్క మింగుడు నుంచే వచ్చాయట, అక్కచెల్లెళ్ళలాగా. తర్వాత ఇంకేదో వచ్చి ఎర్రదాన్ని మింగింది. సముద్రంలో ఉండే గోధుమ రంగువి అట్లా పుట్టాయట. ఇంట్లో ఇల్లు, అందులో ఇంకో ఇల్లు.

అరగకుంటే మరి ఏం చేసింది అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఉంచుకున్నది వదినా అంది నవత.

వంటింట్లోంచి అత్తమ్మ ఉరికొచ్చింది. ఎవడే, ఎవర్ని ఉంచుకున్నడు, మన వాడకట్టులనేనా అని. నవత నవ్వి నవ్వి పుస్తకం మీద పడింది. ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాలని తెలిసింది. రాలేదు.

అత్తమ్మ పోయాక ఇంకోటి అడిగాను. దాన్ని బయటికి తీస్తే బతుకుతదా అని. బతకదు వదినా, దాని సామానంత పెద్దదాని ఇంట్లకు పోయింది అంది. మరి పెద్దది అన్నాను. అదీ ఆగమైతది, ఇగ దానికి వండిపెట్టేదెవరు అంది.

మగ్గం చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఆగస్టు 14
నన్ను పరకాల పంపిస్తారట, మా అమ్మ దగ్గరికి. కొన్ని దినాలు ఉండి రానియ్, మనసు మారుతది అని అత్తమ్మ ఆయనతో అంది. ఎన్ని దినాలో చెప్పలేదు. పక్కింటి సరస్వతిని కూడా ఇట్లాగే పంపారు. మూడేళ్ళయింది, ఇంకా రమ్మనలేదు. ఆయన తెగిన దారం ముడి వేస్తూ సరే అన్నాడు.

ఆగస్టు 15
చీరలు సర్దాను.

ఆగస్టు 16
సెమినార్ మంచిగా అయిందట. మా వదిననే నా మేడమ్, అసొంటి పిల్లను పంపుతవా అమ్మా అని నవత కొట్లాడింది. మంచిది కాదని నేనెప్పుడన్ననే, దాని మొఖం చూస్తే పోయిన బిడ్డ యాదికొస్తాంది అంది అత్తమ్మ.

నాకు అద్దంలో ఎవరూ యాదికి రావడం లేదు.

ఆగస్టు 17, ఆదివారం
ఆయన బస్టాండులో నన్ను ఎక్కించి కిటికీ కింద నిలబడ్డాడు. బస్సు కదిలింది. ఆయన ఎక్కాడు. కండక్టర్ నాకు ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టాడు. నీకెక్కడికి అంటే ఆయన పరకాల అన్నాడు. చేతిలో సంచి కూడా లేదు. దిగేముందు, నువ్వు రాకుంట నేను పోను అన్నాడు.

ఆగస్టు 21
అత్తమ్మ ఫోన్. మగ్గం ఖాళీగున్నది, ఎప్పుడొస్తరు అని అడిగింది.
వస్తడు అనలేదు. వస్తరు అంది.