వెనక సీటు లేని బండి

నర్సీపట్నం,
జూన్ 2008.

ఒసే రోజా,

సెల్లు ఉంది గానీ, ఈ ఇంట్లో గోడ దాటని మాట లేదు. అందుకే కాగితం తీశాను.

నక్కపల్లి దగ్గర హైవే పక్కనున్న మా మామగారి జీడితోట అమ్మాం కదా, ఆ డబ్బుతో స్టీవెన్ ఏం చేశాడో చెబితే నవ్వుతావు. నవ్వకు. వైజాగ్‌లో ఇల్లు తీసుకుని, యూనివర్సిటీలో నాకొచ్చిన రీసెర్చి సీటులో నన్ను చేర్పిస్తానన్నాడు. మోటారు సైకిలు కొన్నాడు. ముప్పై లక్షలు. ఇటలీది. ప్రపంచం మొత్తానికి ఐదువందలే చేశారట. మాది వాటిలో ఎన్నోదో ట్యాంకు మీద చిన్న పలక కొట్టి మరీ చెప్పారు. లారీలో చెక్కపెట్టెలో దిగే దాకా నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

అబద్ధమాడను, అందంగా ఉంది. ఎరుపంటే ఇదా అనిపించింది. నేను ఫిజిక్సు చదివినదాన్ని, అందులో ఎంత తెలివి పెట్టారో నాకు అర్థమవుతుంది. కానీ మొదటి గేరులోనే వంద దాటే బండికి మా ఊళ్లో రెండో గేరు వేసే చోటు ఏదీ? గొలుగొండ నుంచి, రావికమతం నుంచి జనం వచ్చి చూసిపోతున్నారు. వచ్చిన ప్రతివాళ్లూ ముందు ధర అడుగుతున్నారు, తర్వాత మైలేజీ అడుగుతున్నారు, తర్వాత జాలిగా నావైపు చూస్తున్నారు. మా చెరుకు చేను చేసే జోగులు మాత్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, "బాబూ, మరి కోడలుగారు ఎక్కడ కూకుంతారండి? ముప్పై లచ్చలెట్టి ఒక్కడికేనేటి సోటు?" అన్నాడు. అందరూ నవ్వారు. స్టీవెన్ నవ్వలేదు.

నిజంగానే వెనక సీటు లేదే. ఉండాల్సిన చోట సన్నగా తోకలాంటిది ఉంది, అంతే. ఆ తోక చూశాక నాకు కోపం కూడా పోయింది. ఈ మనిషి లెక్కలో నేనెక్కడా లేనని తేలిపోయింది. ఆదివారం చర్చిలో బండికి ప్రార్థన. మా అత్తగారి మర్యాద కోసం అంతవరకూ ఉంటాను. సోమవారం పొద్దున్న బస్సు. వెళ్లి యూనివర్సిటీ సీటులో చేరతాను, మళ్లీ రాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

నీ
లీల

విశాఖపట్నం, ఆసుపత్రి వరండా.

రోజా, బంగారం,

సోమవారం రాలేదు నాకు.

ప్రార్థన అయింది. మా పాస్టరు ప్రభుకుమార్ అయ్యగారు బండి లైటు మీద వేలితో ఒక చుక్క నూనె రాసి, తల్లీ కొడుకుల్ని దీవించి, సీసా మూత పెట్టబోయారు. పక్కవీధిలో ఎవరు బండి కొన్నా చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. మనవాళ్లు అవి మానేసి మూడు తరాలైనా, చక్రాలకి ఏదో ఒకటి జరగాలన్న బెంగ మాత్రం మానలేదు. మా అత్తగారు ముందుకొచ్చి, "నడిసేవి సక్రాలు కదండీ అయ్యగారూ, వాటికి లేదేటి దీవెన?" అని సీసా అందుకుని, వంగి, రెండు టైర్లకీ తన చేత్తో పట్టించారు. పసిపిల్లాడికి ఒళ్లంతా రాసినట్టు. నేను చూస్తూనే ఉన్నాను. ఫిజిక్సు చదివినదాన్ని. అది దీవెనలాగే కనిపించింది గానీ, నూనెలా కనిపించలేదు నాకు.

స్టీవెన్ ఎక్కి బండి తీశాడు. చర్చి గేటు దగ్గర మలుపులో వెనక చక్రం పక్కకి జారిపోయింది. బండికీ గేటు స్తంభానికీ మధ్య అతని కాలు పడింది. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. ఎందుకు పడ్డాడని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మా అత్తగారికి తెలుసు. చేతులు కొంగులో దాచుకుని మూల కూర్చున్నారు.

నిన్న అతనికి మాట వచ్చింది. ఎందుకు కొన్నావు అని అడిగాను. తోట పోయిందన్న కోపంతో కాదు, డబ్బు పోయిందన్న బాధతో కాదు, ఊరికే తెలుసుకుందామని. పైకప్పు చూస్తూ అన్నాడు:

"నిన్నెక్కించుకుని రోజూ యూనివర్సిటీకి దింపుదామనుకున్నాను. గంటలో ఎల్లిపోవచ్చు. ఊరు మారక్కర్లేదు, అమ్మని ఒదలక్కర్లేదు, నీ సదువూ ఆగదు. ఫొటో సూసే కొన్నాను. పెట్టె ఇప్పాక సూశాను సీటు లేదని. నీకు సెప్పలేకపోయాను."

నేను అడిగింది అద్దెకి రెండు గదులు. ముప్పై లక్షలు పెట్టి, నాకు కూర్చునే చోటు కొనడం మర్చిపోయిన మనిషి మీద ప్రేమ కలుగుతుందని ఎవరూ చెప్పలేదు నాకు. సీటులో చేరే గడువు ఎల్లుండితో అయిపోతుంది. నేను ఈ వరండాలోనే ఉన్నాను.

లీల

నర్సీపట్నం,
నవంబరు.

రోజా,

బండి అమ్మేశాం. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు, ఇలాంటివి పోగేస్తాడట. గీతలు పడినవైపు చూసి పెదవి విరిచాడు గానీ, కిలోమీటర్ల మీటరు చూసి మొహం వెలిగింది. చర్చికి వెళ్లిన దూరమే కదా ఉంది. "నడవని బండికే విలువమ్మా, ఎంత తక్కువ తిరిగితే అంత రేటు," అన్నాడు. మరి మీరు తోలరా అంటే, అద్దాల గదిలో పెడతానన్నాడు. కొన్న దానిలో సగం కూడా ఇవ్వలేదు. అది కాదు నేను నీకు రాయాలనుకున్నది. ఆయన ఆ మాట అంటుంటే నా సంగతే చెబుతున్నట్టు వినిపించింది. ఎవరొచ్చినా మా అత్తగారు, "మా కోడలు ఎమ్మెస్సీ, గోల్డ్ మెడల్," అని చూపిస్తారు. చూసి టీ తాగి వెళ్తారు.

పాపం, ఆవిడ్ని అనడానికేముంది. ప్రతి శనివారం నా తలకి నూనె పెట్టేవారు. ఆ రోజు నుంచి సీసా ముట్టలేదు.

ఆ బండి అంత విలువ చేస్తుందా అని నువ్వు అడిగావు. చేస్తుందేమో. నడిపే వాళ్ల దగ్గర, రోడ్డున్న చోట. మేము దాన్ని అడిగింది వేరు.

సీటు వేరే ఎవరికో వెళ్లింది. అయినా వెళ్తానని నిన్న స్టీవెన్‌కి చెప్పాను, ఎక్కడికో తెలియకుండానే. ఊతకర్ర పక్కన పెట్టి విన్నాడు. కాలు లేని మొగుణ్ని వదిలిపోయిందని ఊరు అంటుందనీ చెప్పాను. అతను అన్నది రాస్తున్నాను, అలాగే:

"అననీ. నేను ఉండమంటే నువ్వుండిపోతావు లీలా. నాకు తెలుసు. అప్పుడు రోజూ పొద్దున్న లేచి సూసేది నన్ను కాదు, ఈ కాలిని. బేగి ఎల్లిపో, నేను మనసు మార్సుకోక ముందే."

ఉండమంటే పోట్లాడేదాన్ని. వెళ్లమంటే ఏం చేయాలో తెలియలేదు.

రేపు రాత్రి బస్సుకి వస్తున్నాను. నీ గదిలో ఒక చాప వేయి చాలు. ఉద్యోగం సంగతి తర్వాత. ఇప్పుడు పెట్టె సర్దుతూ మధ్యలో ఇది రాస్తున్నాను. స్టీవెన్ మంచం మీద కూర్చుని, చేతికందిన నా చీరలన్నీ ఒక్కొక్కటీ మడతపెట్టి ఇస్తున్నాడు. అంచుకి అంచు కలిపి, ఒక్క ముడత లేకుండా. అతనికి ఈ పని ఇంత బాగా వచ్చని ఈ రెండేళ్లలో నాకు తెలియదే.

నీ
లీల